అడుగు బరువు మోసేదెవరు?

చింతపండు కాలం వచ్చిందంటే పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో చెట్లెక్కేవాళ్ళకు చేతినిండా పని. కాయలు కొమ్మల చివర్లలో ఉంటాయి, దులిపేవాడు కొమ్మ మీదే కాలూనాలి. కుప్పం వైపు పోతే గ్రానైటు క్వారీలు. మదనపల్లె రోడ్ల మీద తెల్లవారకముందే టమోటా మార్కెట్టుకు ఉరికే బండ్లు. కొమ్మ విరిగినా, బండ జారినా, టెంపో పల్టీ కొట్టినా కొందరికి దెబ్బ తగిలేది వెన్నుపాముకు. వెన్నుపూసల మధ్యగా చిటికెన వేలంత లావున దిగే నరాల కట్ట అది. మెడకు దిగువన అది నలిగితే మనిషి బతికే ఉంటాడు, మాట బాగుంటుంది, చేతులు ఆడుతుంటాయి. నడుము కింద మాత్రం ఏమీ తెలియదు.

ఆ తర్వాత చాలామంది పట్టే దారి రాయవేలూరు (వేలూరు) పెద్దాసుపత్రిదే. మదనపల్లె బస్సు పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా పోతుంది. కుప్పంవాళ్ళు రైలెక్కి కాట్పాడిలో దిగుతారు. వెంట వచ్చిన తల్లో, భార్యో మొదట అడిగేది ఒకటే: "మావాడు మళ్ళీ లేచి నడుస్తాడా సార్?" ఇప్పుడు దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తోంది. కాళ్ళకు మోటార్లు తొడుక్కుని ఎవరో విదేశీయుడు టకటకా నడిచే వీడియో ఫోన్లో చూపించి, "ఈ మిషను ఎక్కడ దొరుకుతుంది?" అని.

ఆ మిషను పేరు ఎక్సోస్కెలిటన్. తుంటి దగ్గర, మోకాలి దగ్గర మోటార్లతో, కాలికి బయటినుంచి పట్టీలతో బిగించే చట్రం. దాని కథను మొదటినుంచీ తీస్తే, చచ్చుబడిన కాళ్ళకు ప్రాణం పోయాలన్న పట్టుదల కన్నా పాతదీ బలమైనదీ అయిన ఇంకో తపన కనబడుతుంది. ఒకరు మోస్తున్న బరువును ఇంకొకరి మీదికో, ఇంకోదాని మీదికో మార్చడం. ప్రతి మలుపులోనూ ఆ బరువు చేతులు మారుతూ వచ్చింది.

బతికించడం ముందు

నడక గురించి ఆలోచించాలంటే ముందు మనిషి బతకాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో అత్యధికులు వారాల్లో, నెలల్లో చనిపోయారు. చంపింది వెన్ను గాయం కాదు. ఒకే వైపు పడుకోబెట్టడంవల్ల పడిన పుళ్ళు, మూత్రం నిలిచి కిడ్నీలకు ఎక్కిన ఇన్‌ఫెక్షన్.

1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు వెన్నుపాము గాయాలకని ప్రత్యేకంగా ఒక వార్డు తెరిచాడు. హిట్లర్ కాలంలో జర్మనీ వదిలి వచ్చిన యూదుడాయన. రెండు గంటలకొకసారి, రాత్రీ పగలూ, ప్రతి రోగినీ పక్కకు తిప్పాలన్నది ఆయన పెట్టిన నియమం. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. మనుషుల చేతులు, గడియారం. వాటితోనే చావులు తగ్గాయి. 1948లో ఆ ఆవరణలోనే చక్రాల కుర్చీల్లో కూర్చున్న 16 మందితో ఆయన విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కు అదే మొదలు.

ఇంట్లో మంచం మీదున్న మనిషిని రెండు గంటలకొకసారి తిప్పే ఆ పని ఇప్పటికీ ఎక్కువచోట్ల యంత్రానికి అప్పజెప్పలేదు. మన పల్లెల్లో దాన్ని చేస్తున్నది ఆడవాళ్ళు.

చక్రాల కుర్చీలోంచి వైద్యం

గట్‌మన్ పద్ధతి మన వైపు రావడానికి ఒక ప్రమాదం కారణమైంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టరుగా పనిచేస్తున్న మేరీ వర్గీస్ 1954 జనవరిలో తోటి డాక్టర్లతో విహారానికి బయల్దేరింది. దారిలో బండి బోల్తా పడింది. ఆమె వెన్ను విరిగింది, ముఖం మీద లోతైన గాయమైంది. అప్పటికామె వయసు 28 ఏళ్ళు.

నిలబడలేని డాక్టరు ఏ ఆపరేషన్ చేయగలదు? అక్కడే పనిచేస్తున్న పాల్ బ్రాండ్ దగ్గర జవాబుంది. కుష్ఠు రోగుల వంకర పోయిన వేళ్ళకు స్నాయువులు మార్చి మళ్ళీ పట్టు తెప్పించే శస్త్రచికిత్సను ఆయన అభివృద్ధి చేస్తున్నాడు. చేయి మీద చేసే ఆపరేషన్‌కు డాక్టరు కూర్చుంటే చాలు. మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే కత్తి పట్టింది. తన కాళ్ళు రాకపోయినా ఇతరుల చేతులు తిరిగొచ్చాయి.

తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తానే రోగిగా శిక్షణ పొంది, న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం చదివి తిరిగొచ్చింది. 1960ల మొదట్లో వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయింది. 1966లో వేలూరు శివార్లలోని బాగాయంలో పునరావాస సంస్థ తెరుచుకుంది. ఒక మెడికల్ కాలేజీలో ఇలాంటి విభాగం దేశంలో అదే మొదటిదని చెబుతారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో ఆమె కన్నుమూసింది.

ఆ సంస్థలో రోగితోపాటు ఇంటి మనిషి కూడా ఉండి పని నేర్చుకోవాలి. మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారాలి, మూత్రం గొట్టం శుభ్రంగా ఎలా పెట్టుకోవాలి, పుండు మొదలయ్యే ఎర్రమచ్చను అద్దంలో ఎలా పట్టుకోవాలి - ఇవీ పాఠాలు. ఆ తర్వాతే సమాంతరంగా పాతిన రెండు కడ్డీల మధ్య నిలబడటం. కాళ్ళకు ఇనుప కడ్డీలూ తోలు పట్టీలూ ఉన్న కాలిపర్లు. మోకాళ్ళు లాక్ చేసి, చంక కర్రల మీద ఒళ్ళంతా ముందుకు విసరడమే అడుగు. మామూలు నడకకు పట్టే శక్తికి ఇది ఎన్నో రెట్లు. అందుకే ఆసుపత్రిలో నడిచి చూపించిన చాలామంది ఇంటికెళ్ళాక కాలిపర్లు గోడకు తగిలించి కుర్చీకే అలవాటు పడతారు. ఇక్కడ అడుగు బరువంతా మోసేది భుజాలు.

మదనపల్లెకు ఈ కథలో వేరే వాటా కూడా ఉంది. ఊరి శివార్లలోని ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. డేనిష్ డాక్టర్ ఫ్రీమోట్ మోలర్ నడిపిన ఆ క్షయ ఆసుపత్రికి దేశమంతటినుంచీ రోగులు వచ్చేవాళ్ళు. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైంది కూడా మదనపల్లెలోనే. క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. వెన్నుపూసకు పాకితే పూస కుంగి, చీము చేరి, వెన్నుపామును నొక్కి కాళ్ళు పడిపోతాయి. చెట్టు మీంచి పడకుండానే నడక పోగొట్టుకునేవాళ్ళు మన దేశంలో ఇప్పటికీ ఎక్కువే. అయితే వీళ్ళలో చాలామందికి నరం తెగదు, నలుగుతుంది అంతే. మందులు పడితే, ఒత్తిడి తీస్తే తిరిగి కోలుకుంటుంది. నడక శిక్షణ వల్ల ఎక్కువ మేలు పొందేది ఇలా కొంత మిగిలినవాళ్ళే.

సైనికుడి బరువు, బెల్‌గ్రేడ్ గాలి

ఇక యంత్రం సంగతి. 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చెందిన నికొలాస్ యాగ్న్ అమెరికాలో ఒక పేటెంటు తీసుకున్నాడు. నడక, పరుగు, దూకడం తేలిక చేసే పరికరం. కాళ్ళకు సమాంతరంగా విల్లులాంటి పొడవాటి స్ప్రింగులు. అది నడవగలిగినవాడి కోసమే. 1960ల్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ సైన్యం కోసం హార్డీమన్ అనే ఉక్కు తొడుగు కట్టింది. మనిషి దానిలో దూరి 680 కిలోలు ఎత్తాలని ఆలోచన. యంత్రం బరువే దాదాపు 680 కిలోలు. కాళ్ళూ చేతులూ అన్నీ కలిపి కదిపితే అదుపు తప్పి ఊగిపోయేది, కాబట్టి మనిషిని లోపల పెట్టి పూర్తిగా నడిపించే సాహసం చేయలేదు. ఒక చేయి వరకే పనిచేయించగలిగారు.

అదే కాలంలో, అంత డబ్బు లేని యుగోస్లావియాలో, ప్రశ్న తిరగబడింది. బెల్‌గ్రేడ్‌లోని మిహైలో పుపిన్ ఇన్‌స్టిట్యూట్‌లో మియోమిర్ వుకోబ్రతోవిచ్ బరువులెత్తే సైనికుణ్ణి పక్కన పెట్టి, నడవలేని మనిషిని తీసుకున్నాడు. 1969 నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా చట్రాలు కట్టాడు. గాలి ఒత్తిడితో కదిలే కీళ్ళు. 1972 నాటి చట్రం 12 కిలోలే, కానీ గాలి పంపూ కంట్రోలు చేసే కంప్యూటరూ బయట ఉండేవి, గొట్టాలు అక్కడినుంచే రావాలి. కాళ్ళు పడిపోయినవాళ్ళు పట్టుకునేందుకు ఆసరా ఉంటే దానిలో నడిచారు.

ఆ ప్రయత్నంలో ఆయనకు దొరికిన అసలు నిధి ఒక లెక్క. నడిచే శరీరం బరువూ ఊపూ కలిసి నేల మీద ఒక బిందువు దగ్గర సమతూకం అవుతాయి. ఆ బిందువు పాదం అంచు దాటనంతసేపు మనిషి పడడు. జీరో మొమెంట్ పాయింట్ అని దానికి పేరొచ్చింది. తర్వాత హోండా అసిమోతో సహా రెండు కాళ్ళ రోబోలు చాలావరకు ఆ సూత్రం మీదే నడిచాయి. వికలాంగుల కోసం వేసిన లెక్క రోబోలకు కాళ్ళిచ్చింది. వికలాంగులకు ఆ ఫలితం తిరిగి రావడానికి ఇంకో 30 ఏళ్ళు పట్టింది, ఎందుకంటే అంత బలమైన చిన్న మోటారూ, ఒంటి మీద మోయదగ్గ బ్యాటరీ అప్పటికి లేవు.

పిల్లి చెప్పిన రహస్యం

ఈలోగా నరాల శాస్త్రం వేరే దారిలో వచ్చి కలిసింది. 1911లో గ్రాహం బ్రౌన్ అనే శాస్త్రవేత్త వెన్నుపాము తెగిన పిల్లిలో కూడా కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లయగా కదలడం చూపించాడు. అడుగు తర్వాత అడుగు వేసే తాళం మెదడులో కాక వెన్నుపాము కింది భాగంలోనే ఉందన్నమాట. 1987లో మాంట్రియల్‌లో బార్బో, రాసినొల్ అలాంటి పిల్లులను వారాలపాటు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, అవి తిరిగి వెనక కాళ్ళతో అడుగులు వేయడం నమోదు చేశారు. తుంటి వెనక్కి సాగడం, పాదం మీద బరువు పడి తేలడం - ఈ కబుర్లు చర్మం, కండరాల నుంచి వెన్నుపాముకు అందితే అది నేర్చుకుంటుంది.

మనుషుల్లో దీన్ని జర్మనీలో ఆంటన్ వెర్నిగ్ ప్రయత్నించాడు. పైనుంచి జీను కట్టి శరీర బరువులో కొంత తగ్గించి, ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి, కాళ్ళను చేతులతో కదపడం. 1992లో ఆయన ఫలితాలు వెలువడ్డాయి. కొంత స్పర్శ, కొంత కదలిక మిగిలినవాళ్ళు కొందరు మళ్ళీ నడిచారు.

అయితే ఆ కాళ్ళను కదిపేదెవరు? ట్రెడ్‌మిల్‌కు అటొకరు, ఇటొకరు ఫిజియోథెరపిస్టులు వంగి కూర్చుని, ఒక చేత్తో మోకాలి వెనక, ఇంకో చేత్తో మడమ దగ్గర పట్టుకుని, ప్రతి అడుగుకూ ఎత్తి పెట్టాలి. వెనక ఇంకొకరు నడుము పట్టుకోవాలి. 10, 15 నిమిషాలకే వాళ్ళ వెన్ను పట్టేసేది. రోగి ఇంకా నడవగలడు, నడిపించేవాళ్ళు అలిసిపోయారు.

జ్యూరిక్‌లోని బాల్‌గ్రిస్ట్ ఆసుపత్రిలో ఇంజనీరు గెరీ కొలంబో చూసింది ఈ ఇబ్బందిని. థెరపిస్టు చేతులు చేసే పనిని తుంటికి రెండు, మోకాళ్ళకు రెండు మోటార్లకు అప్పజెప్పాడు. 1996లో హోకోమా కంపెనీ పెట్టాడు. 2001 నాటికి లోకోమాట్ అమ్మకానికి వచ్చింది. నడక శిక్షణలో రోబో ఇలా అడుగుపెట్టింది. థెరపిస్టు నడుము నొప్పి లేకపోతే అది ఇంత త్వరగా పుట్టేది కాదు. ఇది ఒకే చోట కదలకుండా బిగించిన యంత్రం, ఇంటికి తీసుకుపోయేది కాదు. ఒకసారి నిలబెట్టాక వందల అడుగులు ఒకే తీరుగా వేయించడమే దాని బలం.

తన యంత్రం తొడుక్కోలేని ఇంజనీరు

1997లో ఇజ్రాయెల్ ఇంజనీరు అమిత్ గోఫర్ పిల్లలతో కలిసి నాలుగు చక్రాల మోటారు బండి నడుపుతూ ప్రమాదంలో మెడ విరగ్గొట్టుకున్నాడు. చక్రాల కుర్చీ కనిపెట్టి శతాబ్దాలైనా నడవలేనివాళ్ళకు ప్రత్యామ్నాయం అదొక్కటేనా అన్నది ఆయన్ని తొలిచిన ప్రశ్న. 2001లో కంపెనీ పెట్టి రీవాక్ తయారుచేశాడు. ఛాతీ దగ్గర వంపును పసిగట్టే సెన్సార్. మనిషి ముందుకు వాలితే మోటార్లు అడుగు వేయిస్తాయి. చేతికర్రలు మాత్రం తప్పవు. అక్కడే మెలిక. గోఫర్‌కు చేతుల్లోనూ పట్టు లేదు. వేలమంది కోసం తాను కట్టిన యంత్రం తనకు పనికిరాలేదు. తర్వాత ఆయన నిటారుగా నిలబెట్టే చక్రాల వాహనం చేసుకున్నాడు.

2012 ఏప్రిల్ 22న క్లెయిర్ లోమస్ అనే మహిళ రీవాక్ తొడుక్కుని లండన్ మారథాన్ మొదలుపెట్టింది. మే 8న పూర్తిచేసింది. 2014 జూన్‌లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రీవాక్‌కు ఇళ్ళలో వాడే అనుమతి ఇచ్చింది. షరతు ఒకటుంది. శిక్షణ పొందిన మనిషి పక్కనే ఉండాలి.

దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో ఇంజనీరు కజరూనీ బృందం సైనికుల బరువు మోసేందుకు చేసిన బ్లీక్స్ అనే తొడుగు నుంచి ఎక్సో అనే ఆసుపత్రి యంత్రం పుట్టింది. సైన్యం డబ్బు చుట్టూ తిరిగి రోగి దగ్గరకు వచ్చిందన్నమాట. జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ సంకాయి 2004లో సైబర్‌డైన్ కంపెనీ స్థాపించాడు. ఆయన చేసిన హాల్ అనే తొడుగు చర్మం మీది బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పట్టుకుంటుంది. కాలు కదపాలని మనిషి అనుకుంటే కండరంలో మిణుకుమనే ఆ సంకేతానికే మోటారు బలం చేరుస్తుంది. సంకేతమే లేనివాళ్ళకు ఇది పనికిరాదు.

హాల్ మీద మొదటి వైద్య పరిశోధనల్లో ముఖ్యమైనవి జర్మనీలో బోఖుమ్ నగరంలోని బెర్గ్‌మన్స్‌హైల్‌లో జరిగాయి. బొగ్గుగని కార్మికుల ప్రమాదాల కోసం 1890లో కట్టిన ఆసుపత్రి అది. పనిలో గాయపడ్డవాళ్ళకు ఈ శిక్షణ ఖర్చును అక్కడి కార్మిక ప్రమాద బీమా భరించింది. కుప్పం పక్కనే కోలారు బంగారు గనులు వందేళ్ళకు పైగా నడిచి 2001లో మూతపడ్డాయి. గనులూ మనకున్నాయి, క్వారీలూ ఉన్నాయి. గాయపడినవాడి నడకను పనిచేయించుకున్నవాడి ఖాతాలో రాసే ఏర్పాటే అంత దూరం రాలేదు.

ఒక గంట శిక్షణ

వీడియోలో కనిపించేది ఆఖరి నిమిషం. అసలు పని టేపుతో మొదలవుతుంది. తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి నుంచి మడమ దాకా కొలత. యంత్రం కీలు మనిషి కీలుతో సరిగ్గా కలవకపోతే పట్టీ రాసుకుంటుంది. రాసుకుంటున్నట్టు ఆ కాలికి తెలియదు. తర్వాత రక్తపోటు. నెలల తరబడి పడుకున్నవాణ్ణి ఒక్కసారి నిలబెడితే రక్తం కిందికి జారి కళ్ళు తిరుగుతాయి. అందుకే ముందు వంచే బల్ల మీద కొన్ని వారాలు కొంచెం కొంచెంగా నిలబెడతారు, పొట్టకు బెల్టు కడతారు. బరువు పడని ఎముక బోలుపోతుంది, కాబట్టి ఎముక సాంద్రత చూడకుండా నిలబెడితే యంత్రమే కాలు విరగ్గొట్టవచ్చు.

పట్టీలన్నీ బిగించాక మోటార్లు మెల్లగా లేపుతాయి. చాలాకాలం తర్వాత ఎదుటివాళ్ళ కళ్ళు తన కళ్ళ ఎత్తులో కనిపిస్తాయి. మొదట అడుగు లేదు. నిలబడి బరువు ఎడమకు, కుడికి మార్చడమే. ఎక్సోలో తొలిరోజుల అడుగు థెరపిస్టు మీట నొక్కితే పడుతుంది. తర్వాత రోగే నొక్కుతాడు. ఇంకా కుదిరాక, బరువు సరిగ్గా పక్కకు మారితేనే యంత్రం రెండో కాలు ముందుకేస్తుంది. వెనక థెరపిస్టు పిడి పట్టుకునే ఉంటాడు. అడుగుల సంఖ్య తెర మీద పెరుగుతుంటుంది. చివర పట్టీలు విప్పి చర్మమంతా వెతుకుతారు. ఎర్రమచ్చ కాసేపటికి మాయం కాకపోతే, అది మానేదాకా శిక్షణ బంద్. ఒక పుండు చేసే నష్టం పది రోజుల నడకతో పూడేది కాదు.

లెక్క ఏం తేల్చింది

ఇంత కథ నడిచాక రోగం కుదిరిందా అంటే, నిజాయితీగా రెండు మాటలు చెప్పాలి.

గాయం పూర్తిదా, కొంత మిగిలిందా అన్నది అన్నింటికన్నా ముందు తేలుతుంది. దాన్ని తేల్చే పరీక్షకు యంత్రమే అక్కర్లేదు. మలద్వారం చుట్టూ గుచ్చితే తెలుస్తోందా, వేలు పెట్టి బిగించమంటే కండరాన్ని బిగించగలుగుతున్నాడా అని డాక్టరు చూస్తాడు. రెండూ లేకపోతే గాయం పూర్తిది. అలాంటివాళ్ళకు ఎక్సోస్కెలిటన్ తొడిగినంతసేపే నడక, విప్పితే లేదు. కాళ్ళ బిగుతు తగ్గిందనీ, మలబద్ధకం తేలికైందనీ కొందరు చెప్పారు, కానీ ఆ అధ్యయనాలు చిన్నవి.

కొంత మిగిలినవాళ్ళ విషయంలో పెద్ద ఆశ ఉండేది. అమెరికా, కెనడాల్లో 146 మందితో చేసిన పరిశోధన 2006లో వెలువడింది. జీను కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపించిన వాళ్ళనూ, అంతే సమయం నేల మీద మామూలుగా అభ్యాసం చేయించిన వాళ్ళనూ పోల్చారు. రెండు జట్లలోనూ చాలామంది నడిచారు. తేడా మాత్రం రాలేదు. యంత్రాల మీద తర్వాత వచ్చిన ఫలితాలు కూడా మొత్తం మీద ఇదే దారిలో ఉన్నాయి. మేలు చేసింది అభ్యాసం. ఎన్నిసార్లు, ఎంత త్వరగా, ఎంతకాలం అన్నది. యంత్రం ఆ అభ్యాసాన్ని మనిషి అలసట లేకుండా పెంచగలదు, అంతవరకే.

2018లో స్విట్జర్లాండ్‌లో గ్రెగువార్ కూర్టీన్, జోస్లిన్ బ్లోక్ బృందం వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, లయ తప్పకుండా కరెంటు ఇస్తూ, జీనులో శిక్షణ ఇచ్చి ముగ్గురిని నడిపించింది. పిల్లి చెప్పిన తాళం మనిషిలోనూ ఉందని దానితో గట్టిపడింది. అది ఇంకా పరిశోధనశాలల పనే.

మన వైపు

ధర సంగతి. 2024లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇంట్లో వాడే ఎక్సోస్కెలిటన్‌కు చెల్లించే మొత్తాన్ని 91,032 డాలర్లుగా ఖరారు చేసింది. ఆ డబ్బుతో మదనపల్లెలో ఇల్లు కట్టుకోవచ్చు. కొలతలూ మనవి కావు. రీవాక్ తొడగాలంటే కనీసం 160 సెంటీమీటర్ల ఎత్తుండాలి. మన పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళు ఆ గీత కిందే ఉంటారు.

అందుకే దగ్గర్లో జరుగుతున్నవి చూడాలి. బెంగళూరులో జెన్‌ఎలెక్, బయోనిక్ యంత్ర అనే చిన్న కంపెనీలు నడక శిక్షణ తొడుగులు చేస్తున్నాయి. కేరళలో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే బ్యాండికూట్ రోబోతో పేరొచ్చిన జెన్‌రోబోటిక్స్ కుర్రవాళ్ళే జీ-గెయిటర్ అనే నడక శిక్షణ యంత్రం చేశారు. మురుగు గుంటలో దిగే మనిషి బరువు దించినవాళ్ళు ఇటు తిరగడం సహజమే. హైదరాబాదులో స్వాయా రోబోటిక్స్ డీఆర్‌డీఓతో కలిసి సైనికుల కోసం బరువు మోసే తొడుగు తయారుచేసింది. అమెరికాలో సైన్యం నుంచి ఆసుపత్రికి వచ్చిన దారి ఇక్కడా వేయొచ్చు. మద్రాసు ఐఐటీలో సుజాతా శ్రీనివాసన్ బృందం 2019లో అరైజ్ అనే కుర్చీ తెచ్చింది. మీట లాగితే కూర్చున్న మనిషిని నిలబెడుతుంది, మోటారు లేదు. విడుదలనాడు చెప్పిన ధర సుమారు 15 వేల రూపాయలు. అది నడిపించదు. కానీ ఎముకకు బరువు తగిలిస్తుంది, పిరుదులకు ఊపిరి ఇస్తుంది, అంగడి బల్ల వెనక నిలబెట్టి వ్యాపారం చేయిస్తుంది.

కాబట్టి ఫోను చూపించి అడిగే ఇంటివాళ్ళకు ఇవ్వాల్సిన జవాబు ఇలా ఉండాలి: ముందు గాయం పూర్తిదా కాదా తేల్చుకోండి. మొదటి నెలలు వృథా చేయకండి, ఎందుకంటే కోలుకోవడం ఎక్కువగా ఆ కాలంలోనే జరుగుతుంది. పుండు పడనీయకండి. కొంత కదలిక ఉంటే అభ్యాసం ఎక్కడ ఎక్కువ దొరికితే అక్కడికి వెళ్ళండి, యంత్రం ఉన్నా లేకపోయినా. నగరంలో నెల రోజుల రోబో శిక్షణకు పొలం అమ్మే ముందు, ఇంటికొచ్చాక రోజూ నిలబెట్టేదెవరో చూసుకోండి.

ఎక్సోస్కెలిటన్ ప్రతి మలుపులో ఎవరి నడుమునో తేలిక చేయాలని పుట్టింది. మొదట సైనికుడిది, తర్వాత థెరపిస్టుది. వరసలో ఇంకా లెక్కకు రానివాళ్ళు ఒకరున్నారు. పుంగనూరు పల్లెలో 60 కిలోల మనిషిని రోజుకు పదిసార్లు ఎత్తి దించుతున్న భార్య. ఇంజనీర్లు ఆమె ఎత్తు కొలిచి, ఆమె గడప వెడల్పు కొలిచి, పలమనేరులో రిపేరు చేయదగ్గ మిషను కట్టాలి. ప్రభుత్వం దానికి ఏరియా ఆసుపత్రిలో ఒక ఫిజియోను కూడా ఇవ్వాలి. ఈ రెండూ జరిగితే బెల్‌గ్రేడ్‌లో మొదలైన పని మన వైపు పూర్తయినట్టు.